ప్రెస్టన్ నేత ఇంటి వంశవృక్షం: పోయిన నలుగురు పిల్లల జాడ

వియ్యంకుడుగారి ముత్తవ్వ తొమ్మిది మందిని కన్నది. అందులో పసితనంలో పోయిన నలుగురి పేర్లూ ఇన్నాళ్లకు దొరికాయి. ఈ మధ్య పని బాగా ముందుకు జరిగింది కాబట్టి, ఏది ఎక్కడ ఎలా దొరికిందో వివరంగా రాసి పెడుతున్నాను. ఇంగ్లండు వాళ్లతో వియ్యమందిన తెలుగు కుటుంబాలు ఇప్పుడు చాలానే ఉన్నాయి, ఎవరికైనా పనికొస్తుంది.

మాది చీరాల, నేత ఇల్లు. కోడలి పుట్టిల్లు లాంకషైర్‌లోని ప్రెస్టన్. వాళ్లదీ నేత ఇల్లే, కాకపోతే మిల్లు నేత. ఆస్తిపాస్తులు లేవు, వీలునామాలు లేవు, పాత ఉత్తరం ఒక్కటి కూడా మిగల్లేదు. నేను ఇక్కడి నుంచి ఉచిత సైట్లలో వెతుకుతాను. డబ్బు కట్టాల్సిన సైట్లను వియ్యంకుడుగారు వాళ్ల లైబ్రరీ కంప్యూటర్లో ఊరికే చూసి, పేజీల బొమ్మలు నాకు పంపుతారు. మనవడికి రెండు వైపులా పెద్దవాళ్లు తెలియాలని ఇద్దరికీ ఒకటే పట్టుదల.

మొదటి ఆధారం 1911 జనాభా లెక్కల కాగితం. అంతకు ముందు లెక్కల్లో మనకు మిగిలినవి ఎన్యూమరేటర్ (ఇంటింటికీ తిరిగి లెక్క రాసే ఉద్యోగి) తన పుస్తకంలోకి ఎక్కించుకున్న నకళ్లు. 1911లో మాత్రం ఇంటివాళ్లు తమ చేత్తో నింపిన కాగితాలే దాచారు. పెళ్లయి ఎన్నేళ్లయింది, ఎంతమంది పుట్టారు, ఎంతమంది ఉన్నారు, ఎంతమంది పోయారు అని పెళ్లయిన ఆడవాళ్ల గురించి అడిగారు. ముత్తవ్వ అప్పటికే విధవరాలు, ఆమె ఆ గళ్లు నింపనక్కర్లేదు. అయినా కొడుకు నింపాడు: 9, 5, 4. అనవసరమని ఆఫీసు గుమాస్తా వాటి మీద గీత కొట్టేశాడు. గీత కింద అంకెలు ఇప్పటికీ చక్కగా కనబడుతున్నాయి. విధవరాలు కదా, ఏమీ ఉండదులే అనుకుని ఆ గళ్లు దాటేయకండి.

ఇక ఆ నలుగురెవరు? జనాభా లెక్క పదేళ్లకోసారి. రెండు లెక్కల మధ్య పుట్టి పోయిన బిడ్డ ఏ లెక్కలోనూ ఉండదు. అక్కడ ఆదుకున్నది జనరల్ రిజిస్టర్ ఆఫీసు వారి ఉచిత సూచిక. ఇంగ్లండు, వేల్స్‌లలో జనన మరణాల రిజిస్ట్రేషన్ 1837 జులై 1న మొదలైంది. పాత సూచికల్లో బిడ్డ పేరు పక్కన తల్లి పుట్టింటి పేరు 1911 మూడో త్రైమాసికం నుంచే కనబడుతుంది, ఈ కొత్త సూచికలో మొదటి నుంచీ ఉంది. మన పనికి ఇదే ప్రాణం. తండ్రి ఇంటిపేరు, తల్లి పుట్టింటి పేరు, ప్రెస్టన్ జిల్లా, ఈ మూడూ ఇచ్చి వెతికాను. వెతికిన ప్రతిసారీ, ఇచ్చిన ఏడాదికి అటు రెండు, ఇటు రెండు ఏళ్లే చూపిస్తుంది, మగ, ఆడ విడివిడిగా వెతకాలి. పెళ్లయిన 1873 నుంచి 1895 దాకా ఇలా జల్లెడ పడితే సరిగ్గా తొమ్మిది జననాలు వచ్చాయి. ఐదుగురు తర్వాతి లెక్కల్లో ఉన్నారు. మిగిలిన నలుగురి పేర్లతో మరణాల సూచిక తెరిస్తే, ముగ్గురు వెంటనే దొరికారు.

నాలుగో బిడ్డ ఆడపిల్ల, 1878లో పుట్టింది. మరణాల సూచికలో ఏడాది లోపు పిల్లలకు వయసు సున్నా అని ఉండాలి. సున్నాతో వెతికితే ఏమీ లేదు. అదే పేరుతో, అదే ఏడాది, ప్రెస్టన్‌లోనే ఏడేళ్ల పిల్ల పోయినట్టు ఒక నమోదు ఉంది. ఏడేళ్ల పిల్లయితే పెళ్లికి ముందే పుట్టి ఉండాలి, కానీ 1871 ప్రాంతంలో అలాంటి జననమే లేదు. ఈ సూచిక తయారు చేసినప్పుడు నెలల వయసును ఏళ్లుగా ఎక్కించిన సందర్భాలు ఉన్నాయి. అందుకే అసలు నమోదు డిజిటల్ బొమ్మ తెప్పించాం. పూర్తి సర్టిఫికెట్ కన్నా అది చాలా చౌక. బొమ్మలో వయసు గడిలో ‘7 నెలలు’ అని స్పష్టంగా ఉంది. కారణం అతిసారం. కబురు చెప్పింది తల్లి, మరణ సమయంలో పక్కనే ఉంది, సంతకం చోట ఇంటు గుర్తు పెట్టింది. అప్పట్లో పసిపిల్లల మరణాలు విపరీతంగా ఉన్న పట్టణాల్లో ప్రెస్టన్ ఒకటి. ఆ రోజు మనవడి వంశవృక్షంలో ఆ పాప పేరు ఎక్కించాను. వియ్యంకుడుగారు ఫోన్లో చాలాసేపు మాట్లాడలేకపోయారు. నూట నలభై ఏళ్లకు పైగా ఆ ఇంట్లో ఎవరూ పలకని పేరది.

ముత్తవ్వ పుట్టింటి వైపు కూడా పని సాగింది. 1861 లెక్కలో ఆమె ఎనిమిదేళ్ల పిల్ల, తండ్రి పవర్‌లూమ్ నేతగాడు. ఆ లెక్క ఏప్రిల్ 7 రాత్రిది. సరిగ్గా ఐదు రోజులకు అమెరికాలో అంతర్యుద్ధం మొదలై, లాంకషైర్‌కు వచ్చే పత్తి ఆగిపోయింది. మిల్లులు మూతపడి వేలాది కుటుంబాలు సహాయ నిధుల మీద బతికాయి. సూరత్ పేరుతో మన దేశపు పత్తి వెళ్లింది గానీ, అది పొట్టి పింజ, నేస్తుంటే దారం ఊరికే తెగేది. మగ్గం ముందు పెరిగినవాణ్ణి, పోగు తెగినప్పుడల్లా కూలి తెగుతుందని నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఆ తండ్రి పుట్టిన ఊరు 1851లో ‘వాల్టన్ లె డేల్’, 1861లో ‘బాంబర్ బ్రిడ్జ్’. ఇద్దరు వేరువేరు మనుషులని వదిలేయకూడదు. బాంబర్ బ్రిడ్జ్ అప్పట్లో వాల్టన్ లె డేల్‌లో ఒక భాగమే. అక్కడి సెయింట్ లియోనార్డ్ చర్చి రిజిస్టర్లో ముత్తవ్వ తాత పెళ్లి ఉంది. 1813 తర్వాతి బాప్తిస్మపు రిజిస్టర్లలో తండ్రి వృత్తికి అచ్చు గడి ఉంటుంది కాబట్టి, పిల్లల నమోదుల్లో ‘నేతగాడు’ అని దొరుకుతుందని ఆశపడ్డాం. ఒక్క బిడ్డ బాప్తిస్మమూ లేదు. పెళ్లి ఉండి పిల్లలు లేరంటే, ఆ ప్రాంతంలో ముందు అనుమానించాల్సింది క్యాథలిక్ కుటుంబమేమో అని. 1754 నుంచి 1837 దాకా, క్వేకర్లు (ఒక క్రైస్తవ శాఖ), యూదులు తప్ప ఎవరైనా ఆంగ్లికన్ చర్చిలోనే (ఇంగ్లండు అధికారిక చర్చి) పెళ్లాడాలి, లేకపోతే చట్టం ఒప్పదు. పిల్లలకు జ్ఞానస్నానం మాత్రం తమ క్యాథలిక్ మిషన్లోనే ఇప్పించుకునేవారు. బాంబర్ బ్రిడ్జ్ దగ్గర బ్రౌన్‌ఎడ్జ్‌లో అలాంటి మిషన్ ఉంది. అక్కడి నమోదుల్లో పేర్లు లాటిన్లో ఉన్నాయి. జేమ్స్ అంటే యాకోబుస్, జాన్ అంటే యోహన్నెస్. జ్ఞానస్నానంలో బిడ్డకు అండగా నిలిచే జ్ఞానతండ్రి, జ్ఞానతల్లి పేర్లు కూడా రాస్తారు. మన వాళ్ల పిల్లల్లో ఇద్దరికి జ్ఞానతల్లి ఒకరే, ఆమె ఇంటిపేరు పెళ్లికూతురి పుట్టింటి పేరే. చెల్లెలో, వదినో అయి ఉంటుంది. తేలే దాకా చెట్టులో చుక్కల గీతతోనే పెట్టాను.

1841 లెక్క చూసేవాళ్లకు ఒక మాట. పదిహేనేళ్లు దాటినవాళ్ల వయసును అందులో చాలాచోట్ల ఐదు గుణిజానికి తగ్గించి రాశారు, కాబట్టి 35 అంటే 39 కూడా కావచ్చు. ఎవరికి ఎవరేమవుతారో రాయలేదు, ఒకే కప్పు కింద ఉన్నంత మాత్రాన భార్యాభర్తలని రాసేయొద్దు. పేర్ల దగ్గర ఎన్యూమరేటర్ చెవికి ఎలా వినబడితే అలా రాస్తాడు. అక్కడి జనం మాటల్లో ‘హ’ పలకరు, కాబట్టి హ ఉన్న పేర్లు అది తీసేసీ, లేని పేర్లు అది చేర్చీ వెతకాలి. దొరికిన ప్రతి పేజీతో పాటు ముందు పేజీ, వెనక పేజీ కూడా దాచుకోండి. మాకు అత్తవారిల్లు అలాగే పక్కింట్లో దొరికింది. ఫైలు పేరులోనే ఆర్‌జి 9 (1861), ఆర్‌జి 11 (1881) లాంటి సంకేతం, పీస్ నంబరు (ఆ పుస్తకానిది), ఫోలియో (అందులో ఆకు సంఖ్య) రాసుకోండి. వెతికినా దొరకని చోట్లు కూడా పట్టికలో ఎక్కించండి, లేకపోతే అదే రిజిస్టర్ మళ్లీ మళ్లీ తిరగేస్తారు. వీధి ఎక్కడుందో స్కాట్లండ్ జాతీయ గ్రంథాలయం వారి పాత పటాల్లో ఉచితంగా చూడొచ్చు, లాంకషైర్ పటాలు కూడా అక్కడ ఉన్నాయి. చర్చి రిజిస్టర్లకు లాంకషైర్ ఆన్‌లైన్ పారిష్ క్లర్క్స్ అనే సైటు స్వచ్ఛంద సేవకులు చేసిన పని చూస్తే చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది.

తర్వాత 1921 లెక్క. జూన్ 19న జరిగిన ఆ లెక్కలో ఎవరి దగ్గర పని చేస్తున్నారో యజమాని పేరు కూడా రాయించారు. ముత్తవ్వ చిన్న కూతురు ఏ మిల్లులో నేసిందో తెలిస్తే, ఆ మిల్లు ఎక్కడుండేదో పాత పటంలో పట్టుకోవచ్చు. వియ్యంకుడుగారు వచ్చే వారం లైబ్రరీకి వెళ్తానన్నారు. ఈలోగా బ్రౌన్‌ఎడ్జ్ జ్ఞానతల్లి సంగతి నేను చూస్తాను, 1830 దాకా సెయింట్ లియోనార్డ్ పెళ్లిళ్లలో సాక్షుల సంతకాలన్నీ ఒక పట్టికగా రాయడం మొదలుపెట్టాను.