ఏడు నెలలు రాని నెలసరి

ఏడు నెలలు నెలసరి రాలేదు. భయపడవలసింది పోయి, పోటీల రోజుల్లో ఇబ్బంది తప్పిందని సంతోషించాను. పరుగు సాధన చేసే అమ్మాయిలకు అది మామూలేనని సీనియర్లు అనేవారు.

అప్పుడు డిగ్రీ రెండో ఏడాది. నాది 5000 మీటర్ల పరుగు. ‘కాస్త బరువు తగ్గితే ఇంకా వేగం వస్తుంది’ అని కోచ్ ఒకసారి అన్నారు. ఆయన మరుసటి రోజుకే మరిచిపోయి ఉంటారు. నేను మాత్రం మొదట రాత్రి అన్నం మానేశాను, తర్వాత పెరుగు. మెస్‌కు రమ్మంటే తినేశానని చెప్పేదాన్ని. సెలవుల్లో అమ్మ కలిపిన ముద్ద అందిస్తే కూడా అబద్ధమే చెప్పాను. అది ఇప్పటికీ నన్ను కలచివేస్తుంది.

తర్వాత కుడి మోకాలి కింద ఎముక నొప్పి. ఎమ్మారైలో సన్నని పగులు కనిపించింది. మొదట చూసిన డాక్టరు విశ్రాంతి తీసుకోమని పంపించేశారు. రెండోచోట క్రీడా వైద్యురాలు అడిగిన మొదటి ప్రశ్నే నెలసరి గురించి.

తిన్నదాంట్లో పరుగుకు ఖర్చయింది పోగా మిగిలింది చాలకపోతే, శరీరం ఒక్కొక్క పనినే ఆపుకుంటూ వస్తుందని ఆమె వివరించారు. నెలసరి ఆగుతుంది, ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ తగ్గి ఎముక బలహీనపడుతుంది. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో ఈ స్థితికి ‘రెడ్-ఎస్’ (క్రీడల్లో శక్తి కొరత) అని పేరు పెట్టిందట. చూడటానికి చిక్కిపోకపోయినా ఇది రావచ్చు. మాత్రలతో నెలసరి రప్పించవచ్చు కదా అన్నాను. అలా వచ్చే రక్తస్రావం లోపాన్ని కప్పిపెడుతుందే తప్ప ఎముకను కాపాడదన్నారు. మూడు నెలలు నెలసరి రాకపోయినప్పుడే డాక్టరు దగ్గరకు రావలసింది అన్నారు.

పరుగు ఆపడం కష్టమనుకున్నాను. తినడం అంతకంటే కష్టమైంది. పోషకాహార నిపుణురాలు రాసిచ్చిన కాగితంలో పప్పు, నెయ్యి, గుడ్డు, పెరుగు, అరటిపండు... అన్నీ నాకు తెలిసినవే, చిన్నప్పటి నుంచి తిన్నవే. అయినా మొదటి వారం పళ్లెం ముందు కూర్చుని ఏడ్చాను. గదిలో ఉండే స్నేహితురాలు నేను ముగించేదాకా కదిలేది కాదు. బరువు చూసే యంత్రాన్ని తనే దాచేసింది. వారానికోసారి మానసిక నిపుణురాలితో మాట్లాడేదాన్ని; తిండి మీద భయం తగ్గింది అక్కడే, మందులతో కాదు.

ఐదో నెలలో నెలసరి వచ్చింది. అమ్మకు ఫోను చేసి జరిగినదంతా చెప్పాను.

ఇప్పుడు మళ్లీ ట్రాక్ మీదికి వచ్చాను, నెమ్మదిగా. మొన్న ఒక జూనియర్ ‘మూడు నెలలైంది అక్కా, మనకు మామూలేగా’ అంది. కాదని చెప్పాను. శనివారం ఆమెతో కలిసి అదే వైద్యురాలి దగ్గరకు వెళ్తున్నాను.