కిలోల లెక్క: ఇంటి గ్యారేజీలో ట్రక్ క్యాంపర్ కట్టిన నా అనుభవం

పికప్ ట్రక్కు వెనక తొట్టిలో కూర్చోబెట్టి, అక్కర్లేనప్పుడు దించి పక్కన పెట్టుకోగలిగే చిన్న గదిని ట్రక్ క్యాంపర్ అంటారు. లోపల పడక, పొయ్యి, నీళ్ల ట్యాంకు, ఒక బల్ల. డ్రైవర్ క్యాబిన్ పైకి ముందుకు పొడుచుకొచ్చిన భాగంలో పడుకుంటాం, కింద నిలబడి వండుకుంటాం. తయారుగా దొరికేవాటిలో నాకు నచ్చినవన్నీ నా ట్రక్కు మోయగలిగేదానికంటే బరువుగా ఉన్నాయి. అందుకే నేనే కట్టుకున్నాను, ఇంటి గ్యారేజీలో, సెలవు రోజుల్లో.

ఎక్కడ మొదలుపెట్టాలని నన్ను ఎవరైనా అడిగితే డ్రైవర్ తలుపు దగ్గర అని చెబుతాను. తలుపు తెరిస్తే పక్క స్తంభం మీద ఒక స్టిక్కర్ కనిపిస్తుంది. మనుషులు, సామాను అన్నీ కలిపి బండి ఎంత మోయవచ్చో దాని మీద రాసి ఉంటుంది. నా బండికి అది 680 కిలోలు. చూడగానే బోలెడంత అనిపిస్తుంది. సీట్లలో మేమిద్దరం కూర్చుంటే 140 పోయింది. నీళ్లు లీటరుకు ఒక కిలో, 40 లీటర్ల ట్యాంకు నిండితే 40. బట్టలు, వంట సామాను, పనిముట్లు, గ్యాస్ సిలిండర్ కలిపి 80 అనుకున్నాను. మిగిలింది 420. గతుకుల రోడ్డు మీద బండిని చివరి కిలో దాకా నింపి నడపడం నాకు ఇష్టం లేదు కాబట్టి అందులో 70 ముట్టుకోకూడదనుకున్నాను. అంటే క్యాంపర్ ఖాళీ బరువు 350 కిలోలు దాటకూడదు. ఆ అంకెను గ్యారేజీ గోడ మీద పెద్ద అక్షరాలతో రాశాను. పక్కనే ఒక నోటుపుస్తకం, ఒక తూకం మిషను. స్క్రూల పెట్టెతో సహా ఏదీ తూచకుండా క్యాంపర్‌లోకి వెళ్లకూడదన్నది నియమం.

మొత్తం బరువు ఒక్కటే చూస్తే చాలదు. అదే స్తంభం మీద ముందు ఇరుసుకి, వెనక ఇరుసుకి పరిమితి విడివిడిగా రాసి ఉంటుంది. క్యాంపర్ బరువు మధ్యబిందువు వెనక ఇరుసుకి కాస్త ముందుగా పడాలి. వెనక్కి పడితే ముందు చక్రాల మీద భారం తగ్గిపోయి స్టీరింగ్ తేలిపోతుంది, ముందు బ్రేకులకు పట్టు తగ్గుతుంది. అందుకే నీళ్ల ట్యాంకు, బ్యాటరీ, గ్యాస్ పెట్టె వీలైనంత ముందుకి, కిందకి పెట్టేలా ముందే గీసుకున్నాను. ప్రతి వస్తువు పక్కన దాని బరువు, వెనక గోడ నుంచి అదెంత దూరంలో ఉందో రాసి, రెండూ హెచ్చవేసి, అన్నీ కూడి, మొత్తం బరువుతో భాగిస్తే మధ్యబిందువు ఎక్కడుందో తెలుస్తుంది. స్కూల్లో నేర్చుకున్న లెక్కే.

ఇక రెండో హద్దు గ్యారేజీ తలుపు. లోపల ఎంత పెద్దదైనా కట్టొచ్చు, బయటికి రావాలిగా. తలుపు పూర్తిగా ఎత్తినప్పుడు కింది అంచు చట్రం కంటే కొద్దిగా కిందికి వేలాడుతుంది. కాబట్టి ఖాళీని కొలవాల్సింది తలుపు ఎత్తి ఉంచి. నాకు దొరికింది 2.10 మీటర్లు. ట్రక్కు మీద ఎక్కించి బయటికి తీయడం అసాధ్యం. చక్రాల బల్ల మీద క్యాంపర్ ఒక్కదాన్నే తోసుకుపోవాలి. చక్రాల బల్లకి 10 సెంటీమీటర్లు పోతే, కాస్త సందు వదిలి, క్యాంపర్ ఎత్తు 1.98. లోపల నిలబడడానికి 1.88 మిగిలింది, నాకు సరిపోతుంది. ట్రక్కు క్యాబిన్ పైన రావాల్సిన పడక భాగం అడుగు, క్యాంపర్ అడుగు నుంచి 1.10 మీటర్ల ఎత్తులో రావాలి. ఇందులో క్యాబిన్ పైకప్పుకీ పడక అడుగుకీ మధ్య 7 సెంటీమీటర్ల ఖాళీ కలిసి ఉంది. ఈ ఖాళీని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. ట్రక్కు క్యాబిన్, వెనక తొట్టి ఒకే చాసిస్ మీద విడివిడిగా బిగించి ఉంటాయి. గుంతలో ఒక చక్రం దిగితే చాసిస్ మెలి తిరిగి రెండూ వేర్వేరుగా కదులుతాయి. సందు లేకపోతే పడక అడుగు క్యాబిన్ పైకప్పుని కొడుతుంది.

కొలతలన్నీ కాగితం మీద కుదిరాక అట్టపెట్టెలతో గది ఆకారం నిలబెట్టి అందులో కూర్చున్నాం, పడుకున్నాం, వంట చేస్తున్నట్టు తిరిగాం. మా తమ్ముడు పడకలో పక్కకి దొర్లి చూసి, "అన్నయ్యా, ఇందులోంచి రాత్రి లేచి దిగాలంటే కాలు ఎక్కడ పెడతావ్?" అన్నాడు. వాడి మాట మీదే బ్యాటరీ పెట్టె మెట్టుగా మారింది. అదనపు బరువు సున్నా.

గోడలకి ఏం వాడాలన్నదాని మీద ఎక్కువ కాలం ఆలోచించాను. 8 అడుగులు, 4 అడుగుల ప్లైవుడ్ షీటు 12 మిల్లీమీటర్ల మందానిది సుమారు 20 కిలోలు తూగుతుంది. దానితో అంతా కడితే గోడలకే నా లెక్కలో చాలా భాగం పోతుంది. అల్యూమినియం చట్రం తేలిక, కానీ వెల్డింగ్ పని నాకు చేతకాదు. చివరికి లోపల 3 మిల్లీమీటర్ల ప్లై, మధ్యలో 25 మిల్లీమీటర్ల ఎక్స్‌పీఎస్ ఫోమ్ (గట్టి పాలీస్టైరీన్ పలక), బయట 5 మిల్లీమీటర్ల ప్లై, దాని మీద పలుచని ఫైబర్‌గ్లాస్ గుడ్డ, ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు). మూడూ కలిసి అతుక్కున్నాక ఆ పలక గట్టిదనం ఆశ్చర్యం కలిగిస్తుంది. విడిగా వంగిపోయే షీట్లు, మధ్యలో ఫోమ్ పట్టుకున్నాక మనిషి నిలబడినా వంగవు. పైగా ఫోమ్ వేడిని, చలిని ఆపుతుంది.

ఫోమ్‌తో పని చేసేవాళ్లు ఒక విషయం తప్పక తెలుసుకోవాలి. ఎపాక్సీ బదులు చవకగా దొరికే పాలియెస్టర్ రెజిన్ పాలీస్టైరీన్ ఫోమ్‌ని కరిగించేస్తుంది. ఒక తుక్కు ముక్క మీద రెండు చుక్కలు వేసి చూశాను, చూస్తుండగానే గుంట పడింది. ఎపాక్సీ అలా చేయదు. అయితే ఎపాక్సీ చర్మానికి మంచిది కాదు. పదే పదే తగిలితే అలర్జీ వస్తుంది, ఒకసారి వచ్చాక పోదు. చేతితొడుగులు, మాస్కు, తలుపు తెరిచి ఉంచడం, ఈ మూడూ లేకుండా డబ్బా మూత తీయకూడదు.

పలకలు నేల మీదే అతికించాను. ఫోమ్ నున్నటి పైపొరను గరుకు కాగితంతో రుద్ది, కొద్దిగా తడి చేసి, పాలీయురేథేన్ జిగురు పూసి, ప్లై పరిచి, పైన బరువులు పెట్టి రాత్రంతా వదిలేయడం. పలక మూసేముందు అంచుల చుట్టూ, కిటికీల చుట్టూ, తలుపు బందులు, పడక, క్యాంపర్‌ని ఎత్తే జాకీలు వచ్చే ప్రతిచోటా ఫోమ్ బదులు చెక్క రీపర్లు పెట్టాలి. ఫోమ్‌లో స్క్రూ నిలవదు. రీపర్లు పెట్టాక కొలత టేపు పక్కన పరిచి ఫొటో తీసుకున్నాను. తర్వాత గోడలో ఎక్కడ చెక్క ఉందో వెతకాల్సిన పని రాలేదు. ఈ మొత్తం పనిలో నాకు బాగా పనికొచ్చిన అలవాటు ఇదే.

గోడలు నిలబెట్టేటప్పుడు మూలమట్టం, రసమట్టం రెండూ ఉన్నా, నేను నమ్ముకున్నది మూల నుంచి మూలకి తీసే కొలత. రెండు కర్ణాలూ సమానమైతేనే జిగురు. మూలలకి పడవలు కట్టేవాళ్ల పద్ధతి వాడాను. చెక్కపొడి కలిపిన చిక్కటి ఎపాక్సీని లోపలి మూలలో గుండ్రంగా నింపి, దాని మీద ఫైబర్‌గ్లాస్ పట్టీ. ఎండాక ఆ మూల గోడ కంటే గట్టిగా ఉంటుంది. స్క్రూలు జిగురు ఆరేదాకా పట్టుకోవడానికే. చాలావాటిని తర్వాత తీసేసి చిల్లులు పూడ్చాను. అదీ బరువు తగ్గింపే, తూచితే కిలోన్నర పైగా తేలింది.

నీళ్లు కారకుండా చేయడం గురించి గట్టిగానే చెప్పాలి. ఇలాంటి బండ్లు పాడయ్యేది ఎక్కువగా నీటివల్లే. ఎక్కడో ఒక స్క్రూ రంధ్రంలోంచి చుక్క దిగుతుంది, ప్లై లోపల్లోపలే కుళ్లుతుంది, పైకి కనిపించేసరికి ఆలస్యమైపోతుంది. అందుకే పైకప్పుని మీటరుకి ఒకటిన్నర సెంటీమీటర్ల వాలుతో చేశాను, నీరు నిలవకూడదని. కప్పు మీద చిల్లులు మూడే: గాలి పోయే ఫ్యాను, సోలార్ వైరు, నీటి పైపు గాలి గొట్టం. సోలార్ పలకల్ని స్క్రూలతో కాకుండా జిగురుతో అంటించాను. కిటికీ చట్రాల కింద బ్యూటైల్ టేపు, అంటే జిగట రబ్బరు పట్టీ, వాడాను. అది గట్టిపడదు, చట్రం కదిలినా దాంతో పాటు సాగుతుంది. సిలికాన్ మాత్రం బయట ఎక్కడా వాడలేదు. దాని మీద రంగు పట్టదు, పాత సిలికాన్ మీద కొత్తది కూడా సరిగా అతకదు, రేపు బాగుచేయాలంటే నరకం. ప్లై కోసిన ప్రతి అంచుకీ, చేసిన ప్రతి రంధ్రం లోపలికీ ఎపాక్సీ పట్టించాను. ఆఖర్న మా తమ్ముడు టార్చితో లోపల కూర్చుంటే, నేను బయట పైపుతో అన్ని వైపుల నుంచీ, ముఖ్యంగా ప్రయాణంలో వాన కొట్టే ముందు వైపు నుంచి, చాలాసేపు నీళ్లు కొట్టాను. లోపల పొడిగా ఉంది.

బయటి నీరు ఒకటైతే, ఊపిరి తేమ ఇంకొకటి. ఇద్దరు నిద్రపోతే తెల్లారేసరికి కిటికీలు చెమరుస్తాయి. కింద ఒక కిటికీ సందు తెరిచి, పైన ఫ్యాను నెమ్మదిగా తిప్పితే ఆ తేమ పోతుంది. పరుపు కింద గాలి ఆడేలా సన్నపట్టీల పడక వేశాను.

కరెంటు పని త్వరగానే అయింది. 100 ఆంపియర్ అవర్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ 12 కిలోలు తూగింది. అదే సామర్థ్యం ఉన్న లెడ్ యాసిడ్ బ్యాటరీ 30 కిలోల దాకా ఉంటుంది, అందులో సగం దాటి వాడితే ఆయుష్షు తగ్గుతుంది. కాబట్టి ఇక్కడ ఆలోచించడానికేమీ లేదు. లిథియం బ్యాటరీని సున్నా డిగ్రీల కింద చార్జ్ చేయకూడదు, అందుకే గది లోపలే పెట్టాను. ఫ్యూజ్ బ్యాటరీ పాజిటివ్‌కి వీలైనంత దగ్గరగా. 12 వోల్టుల్లో సన్నని వైరు వాడితే వోల్టేజ్ దారిలోనే పడిపోతుంది, వైరు వేడెక్కుతుంది, అందుకని లావు వైర్లే.

గ్యాస్ విషయంలో టెన్షన్ పడ్డాను, పడాలి కూడా. ఎల్పీజీ గాలికంటే బరువు, లీకైతే నేలకి దిగి అక్కడే నిలుస్తుంది. సిలిండర్ పెట్టె తలుపు బయటికే తెరుచుకుంటుంది, లోపలి వైపు గాలి చొరకుండా మూసేశాను, పెట్టె అడుగున బయటికి రంధ్రం ఉంది. గ్యాస్ అలారం నేలకి దగ్గరగా ఒకటి, కార్బన్ మోనాక్సైడ్ అలారం పడక దగ్గర ఒకటి. కనెక్షన్లు బిగించింది ఆ పని తెలిసిన మనిషి, సబ్బునీళ్లతో పరీక్షించింది మేమిద్దరం.

అల్మారాలు, బల్ల అన్నీ 5 మిల్లీమీటర్ల ప్లైతో సాదాగా చేశాను. తలుపుల బదులు గుడ్డ తెరలు. అందంగానే ఉన్నాయి, తేలికగానూ ఉన్నాయి.

క్యాంపర్‌ని బయటికి తోసిన రోజు తలుపు అంచుకీ కప్పుకీ మధ్య అరచేయి కూడా పట్టలేదు. ముందు పొడుచుకొచ్చిన భాగం కింద చక్రాల బల్లకి కట్టిన రెండు స్తంభాలు దానికి ఆసరా. ఆరుబయట నాలుగు మూలలా జాకీలు తగిలించి, ఒక్కోదాన్ని కొద్దికొద్దిగా వరుసగా తిప్పుతూ ఎత్తాం. ఒక మూల ఎక్కువ ఎత్తితే బరువంతా ఆ మూల మీదా, దాని ఎదురు మూల మీదా పడుతుంది. ట్రక్కు వెడల్పు మధ్యలోంచి దూరేలా జాకీల చేతులు బయటికి పొడవుగా చేయించి ఉంచాను. తొట్టిలో రబ్బరు చాప పరిచి, ట్రక్కుని అంగుళం అంగుళం వెనక్కి పోనిచ్చి, క్యాంపర్ దించాం. నాలుగు మూలలా స్ప్రింగు ఉన్న టర్న్‌బకిల్స్ (తిప్పి బిగించే కడ్డీలు), చాసిస్‌కి బిగించిన కొక్కేలకి. మొదటి 50 కిలోమీటర్ల తర్వాత ఆగి చూస్తే రెండు వదులయ్యాయి, బిగించాం.

అక్కడి నుంచి నేరుగా వే బ్రిడ్జికి. బండిని ఖాళీగా ముందే తూయించి ఉంచాను కాబట్టి తేడా తీస్తే చాలు. ముందు చక్రాలు మాత్రమే ఎక్కించి ఒకసారి, వెనక చక్రాలు మాత్రమే ఎక్కించి ఒకసారి, మొత్తం ఒకసారి. నోటుపుస్తకం ప్రకారం 338 కిలోలు. అక్కడి కాటా 10 కిలోల మెట్టుల్లోనే చూపిస్తుంది, 340 చూపించింది. ముందు ఇరుసు భారం తగ్గలేదు, కొంచెం పెరిగింది. వెనక ఇరుసు పరిమితికి లోపలే ఉంది.

350లో 10 కిలోలు మిగిలాయని తెలియగానే ఇంట్లో చర్చ మొదలైంది. పక్కకి చుట్టి తెరిచే నీడ పందిరి కావాలన్నారు. తూయిస్తే 14 కిలోలు. అంత బరువు పైన, ఒక పక్కకి వేలాడడం నాకు నచ్చలేదు, అంకె కూడా ఒప్పుకోలేదు. దాని బదులు మూడు కిలోల తార్పాలిన్, రెండు మడత కర్రలు తీసుకుని నోటుపుస్తకంలో రాసేశాను.