కాఫీ గ్లాసు ఎవరు పట్టుకున్నట్టు?

కిందటేడు దసరా సెలవుల్లో మా అమ్మమ్మగారి పాత ఇంట్లో 14 నిమిషాల దెయ్యం షార్ట్ ఫిల్మ్ ఒకటి తీశాను. సిటీ నుంచి వచ్చిన మనవరాలు అమ్మమ్మతో కబుర్లు చెబుతూ ఓ పూట గడుపుతుంది. ఆ పిల్ల వచ్చింది అమ్మమ్మ పదోరోజు కార్యానికేనని ఆఖర్న తెలుస్తుంది. ఎడిటింగ్ అయ్యాక టీవీకి ల్యాప్‌టాప్ తగిలించి ఇంటిల్లిపాదికీ చూపించాను. ట్విస్ట్ పడగానే అందరూ ఉలిక్కిపడ్డారు. నాకు ప్రాణం లేచొచ్చింది. అంతలో పిన్ని అడిగింది: "మరి పొద్దున పక్కింటావిడ ఇచ్చిన కాఫీ గ్లాసు ఎవరు పట్టుకున్నట్టురా?"

నా దగ్గర జవాబు లేదు. ఆ షాట్ నేను కావాలని పెట్టిందే. అమ్మమ్మ బతికే ఉందని నమ్మించడానికి, పక్కింటావిడ గ్లాసు అందిస్తుంటే ముసలి వేళ్ళు దాని చుట్టూ బిగుసుకోవడం దగ్గర నుంచి తీశాను. పక్కింటావిడకి అమ్మమ్మ కనపడదు కదా! చూసేవాళ్ళకి నేను పచ్చి అబద్ధం చూపించానన్నమాట. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

లేచి ‘ది సిక్స్త్ సెన్స్’ పెట్టుకున్నాను. మాహేలో పుట్టి ఫిలడెల్ఫియా దగ్గర పెరిగిన శ్యామలన్ 1999లో తీసిన సినిమా. చూడనివాళ్ళు ఇక్కడే ఆగిపోండి, ముగింపు చెప్పకుండా ఈ సంగతి రాయలేను. వరసగా మూడు రాత్రులు, పక్కన నోట్‌బుక్ పెట్టుకుని, పాజ్ చేసుకుంటూ చూశాను. నాకు కావలసింది ఒక్కటే: ఇందులో అబద్ధం ఎక్కడుంది?

మొదట్లోనే డాక్టర్ మాల్కమ్‌ని (బ్రూస్ విల్లిస్) అతని పాత పేషెంట్ తుపాకీతో కాలుస్తాడు. తర్వాతి సీన్‌కల్లా కొంతకాలం గడిచిపోయినట్టు తెర మీద అక్షరాలు పడతాయి. అతను కోలుకున్నాడని ఎవరూ అనరు. అలా అనుకునేది మనమే. అతను ఆ రాత్రే చనిపోయాడని, మనం చూస్తున్నది దెయ్యాన్నని ఆఖర్నగానీ తెలియదు. రెస్టారెంట్‌లో పెళ్ళిరోజు సీన్ చూడండి. మాల్కమ్ ఆలస్యంగా వచ్చి కూర్చుంటాడు, ఆపకుండా మాట్లాడతాడు. భార్య అతని వైపు చూడదు. బిల్లు తనే తీసుకుని, పెళ్ళిరోజు శుభాకాంక్షలు అని ఒక్క మాట అని వెళ్ళిపోతుంది. మొగుడి మీద అలక అనుకుంటాం. అలిగిన మనిషి అలాగే ఉంటుంది మరి.

నేను ఎక్కువసేపు ఆగిపోయింది మాత్రం కోల్ వాళ్ళింట్లో సీన్ దగ్గర. కోల్ అంటే మాల్కమ్ సాయం చేయడానికి వచ్చే పిల్లాడు, చనిపోయినవాళ్ళు కనపడేది వాడొక్కడికే. పిల్లాడు బడి నుంచి వచ్చేసరికి తల్లి, మాల్కమ్ ఎదురెదురుగా కూర్చుని ఉంటారు. అంతదాకా వాడి గురించే మాట్లాడుకున్నారనిపిస్తుంది. తల్లి లేచి, పాన్‌కేక్‌లు వేస్తున్నాను, గంట టైముందని కొడుకుతో చెబుతుంది. డాక్టర్‌తో కూర్చోడానికి ఆ గంట అనుకుంటాం. ఆమె చెప్పింది తిండికి పట్టే టైము. ఆ షాట్‌ని ఎన్నిసార్లు వెనక్కి తిప్పానో! ఆమె చూపు ఒక్కసారి కూడా మాల్కమ్ మీద పడదు. లేని సంభాషణని కల్పించుకున్నది నా బుర్రే. ఇద్దరు మనుషులు ఎదురెదురుగా కుర్చీల్లో ఉంటే వాళ్ళు మాట్లాడుకుంటున్నారని అనుకోవడం మనకి పుట్టుకతో వచ్చిన అలవాటు. డైరెక్టర్ ఆ అలవాటు మీదే కథంతా నిలబెట్టాడు.

నాలుగో రాత్రి 2001లో వచ్చిన ‘ది అదర్స్’ చూశాను. అక్కడా అంతే. ఇంట్లో దెయ్యాలున్నాయని నికోల్ కిడ్‌మన్ పాత్ర వణికిపోతుంటే, మనం ఆమె పక్కన నిలబడి చూస్తాం కాబట్టి దెయ్యం ఆమే కావచ్చన్న ఆలోచనే రాదు.

ఇక నా సినిమాకి వచ్చాను. ముందు టెన్షన్ కోసం వేసిన ఢామ్మనే సౌండ్లన్నీ తీసేశాను. కాఫీ షాట్ ఎలా మార్చాలో వారం రోజులు తోచలేదు. చివరికి అమ్మే దారి చూపించింది, తనకి తెలియకుండానే. తాతయ్య పోయినప్పుడు ఆయనకి ఇష్టమని రోజూ పొద్దున్నే అరుగు మీద చుట్ట పెట్టేవాళ్ళమని ఏదో మాటల్లో అంది. పోయినవాళ్ళకి ఇష్టమైనవి పెట్టడం మన ఇళ్ళల్లో ఉన్నదే. నాకు అంతవరకూ తట్టలేదు.

ఆదివారం మళ్ళీ ఊరెళ్ళి ఆ ఒక్క సీనే తీశాం. పక్కింటావిడ వస్తుంది, అరుగు మీద గ్లాసు పెడుతుంది, "నీకిష్టమని చిక్కగా కలిపాను పిన్నిగారూ" అని కొంగుతో కళ్ళొత్తుకుంటూ వెళ్ళిపోతుంది. పక్కనే అమ్మమ్మ కూర్చుని ఉంటుంది. ముసలావిడ ఒంట్లో బాగోలేదేమో అందుకే ఏడుస్తోంది అనిపిస్తుంది. తర్వాతి షాట్‌లో ఎండ అరుగు మీదకి వచ్చింది, కాఫీ మీద మీగడ కట్టింది, గ్లాసు అంచున చీమలు. మూడు సెకన్లు, అంతే.

మళ్ళీ అందరికీ చూపించాను. అయిపోయాక పిన్ని కాసేపు ఏమీ అనలేదు. రిమోట్ తీసుకుని మొదటికి తిప్పింది. మీగడ షాట్ దగ్గర ఆపి, "ఇందాక చీమల్ని చూశానురా. ఎవరూ తాగలేదని తోచలేదు" అంది.