చెక్‌పోస్టు దగ్గర మావయ్య అన్న మాట

"అక్కడ నీ కారు చుట్టూ కుక్కని తిప్పినా కిక్కురుమనవు. ఇక్కడ మనోడు ఎవరిదో సంచి విప్పితే నీకు చట్టం గుర్తొచ్చిందేట్రా?"

మావయ్య ఈ మాట అన్నది పాడేరు నుంచి వైజాగ్ వస్తుంటే, కారులో, అత్తయ్య ముందూ పిల్లల ముందూ. ఆయన నన్ను ఎత్తుకుని పెంచిన మనిషి, ఆయన తిడితే నాకు కొత్తేమీ కాదు. కానీ ఈ మాట మాత్రం అమెరికా నుంచి వచ్చిన సెలవు అయిపోవస్తున్నా లోపల మెలిపెడుతూనే ఉంది. అందుకే రాస్తున్నాను.

మోదకొండమ్మ దర్శనం చేసుకుని తిరిగొస్తున్నాం. ఘాట్ దిగాక ఒక చెక్‌పోస్టులో ఆపారు. డిక్కీ తీశాం, ఓ చూపు చూసి వెళ్లమన్నారు. మా వెనకాలే ఆర్టీసీ బస్సు. అందులోంచి ఒక్క కుర్రాణ్ణే దింపారు. పద్దెనిమిదో ఇరవయ్యో ఉంటాయి. కొండ మీది పిల్లాడని చూడగానే తెలిసిపోతోంది. దింపడానికి అదే కారణమని నాకు అనిపించింది, ఇప్పటికీ అలాగే అనిపిస్తోంది. చేతిలో ఎరువుల బస్తాతో కుట్టిన సంచి. కానిస్టేబుల్ ముందు దాన్ని బయటి నుంచి నాలుగు వైపులా నొక్కి చూశాడు. ఆ తర్వాత రోడ్డు పక్కన బోర్లించాడు. పసుపు కొమ్ములు, రెండు జతల బట్టలు, ప్లాస్టిక్ కవర్లో ఆధార్ జిరాక్సు, ఏదో పరీక్ష హాల్ టికెట్. కొమ్ములు తారు మీద దొర్లుకుంటూ బస్సు టైరు కిందికి పోతుంటే కుర్రాడు వంగి ఒక్కొక్కటే ఏరుకున్నాడు. బస్సు కిటికీల నిండా మొహాలు.

నేను కారు దిగి వెళ్లి అడిగాను. "ఇతని మీద ఏం అనుమానం వచ్చిందండీ?" గట్టిగా కూడా అడగలేదు. కానిస్టేబుల్ నన్ను కసరలేదు. "నిన్న ఇలాంటి సంచిలోనే దొరికింది సార్ గంజాయి. పొద్దున్నించీ ఎండలోనే ఉన్నాం. మీరెళ్లండి" అన్నాడు. అతని చొక్కా వీపంతా తడిసి అంటుకుపోయి ఉంది. ఈలోగా మావయ్య వచ్చి నా జబ్బ పట్టుకుని కారెక్కించాడు.

ఆ కుక్క సంగతి మావయ్యకి చెప్పింది నేనే. నేను టెక్సస్‌లో, మెక్సికో సరిహద్దుని ఆనుకుని ఉన్న మెకాలెన్‌లో ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను. రియో గ్రాండే నది అవతల గట్టు మెక్సికో. గుడికో, స్నేహితుల ఇంట్లో పెళ్లికో హ్యూస్టన్ వైపు వెళ్లాలంటే 281 హైవే ఎక్కాలి. సరిహద్దు నుంచి దాదాపు 70 మైళ్లు లోపలికి వచ్చేశాక ఫాల్ఫూరియాస్ దగ్గర పెద్ద షెడ్డు, కెమెరాలు, బోర్డర్ పెట్రోల్ చెక్‌పోస్టు. మనం దేశం దాటడం లేదు, అదే రాష్ట్రంలో ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి వెళ్తున్నాం. అయినా ప్రతి కారూ ఆగాలి. కుక్క కారు చుట్టూ తిరుగుతుంది. ఏజెంటు వంగి "యూఎస్ సిటిజన్?" అని అడుగుతాడు. నేను కాదని చెప్పి పాస్‌పోర్టు, దేశంలోకి వచ్చినట్టు చూపే ఐ-94, ఆమోదం నోటీసు ఐ-797 పెట్టిన ఫైలు అందిస్తాను. చూసి "హ్యావ్ ఎ సేఫ్ ట్రిప్" అంటాడు. ఇంతే. మర్యాదకి లోటు ఉండదు. కానీ ఆ షెడ్డు కనపడే ముందు నుంచీ నా చెయ్యి ఆ ఫైలు మీదే ఉంటుంది.

ఒకసారి నాతో పనిచేసే ఒకావిడ కారులో వెళ్తున్నాం. ఆవిడ పుట్టింది అక్కడే, తాతల కాలం నుంచి అక్కడే. మూలాలు మాత్రం మెక్సికోవి. ఏజెంటు అడిగితే ఆవిడ నిదానంగా "మీ ప్రశ్నకి జవాబు చెప్పను" అంది. కారు పక్కకి పెట్టించారు. కాసేపు ఉంచి, మాట్లాడుకుని, పంపించేశారు. ఆవిడ మొహంలో బెదురు లేదు. పక్క సీట్లో నేను ఫైలు తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను, ఎందుకంటే నాకు ఆవిడలా మాట్లాడే వీలు లేదు. 18 ఏళ్లు దాటిన విదేశీయుడు తన రిజిస్ట్రేషన్ పత్రం ఎప్పుడూ వెంట ఉంచుకోవాలని 1952 నాటి వాళ్ల వలస చట్టమే చెబుతోంది. లేకపోతే అది నేరం. ఆవిడకి జవాబు చెప్పకుండా ఉండే హక్కు ఉంది, నాకు కాగితం చూపించాల్సిన బాధ్యత ఉంది. ఒకే కారు, ఒకే రోడ్డు, ఒకే ఏజెంటు.

మావయ్యకి అర్థం కానిది ఇదే, నాకు కష్టం కలిగించింది కూడా ఇదే. నేను అక్కడ నోరు మెదపనిది ఆ దేశం మీద భక్తితో కాదు, పిరికితనంతోనూ కాదు. చుట్టంగా వెళ్లిన ఇంట్లో కూరలో ఉప్పు తక్కువైందని అనం, మనింట్లో అంటాం. పాడేరు రోడ్డు నాది. ఆ కుర్రాడు నా రాష్ట్రంవాడు. ఆ కానిస్టేబుల్ జీతంలో మా మావయ్య కట్టిన పన్ను కూడా ఉంది. ఇక్కడా అడక్కపోతే ఇంకెక్కడ అడగాలి?

అలాగని అక్కడంతా ధర్మరాజ్యం అని చెప్పడానికి నేను ఈ కాగితం పట్టుకోలేదు. 1976లో వాళ్ల సుప్రీంకోర్టు అలాంటి చెక్‌పోస్టులు చెల్లుతాయని తీర్పు చెప్పింది. అందులో కలిసి ఉన్న ఒక కేసు మా వైపే ఉన్న సారిటా చెక్‌పోస్టుది. ఏ అనుమానమూ లేకుండానే ప్రతి కారునీ ఆపి ప్రశ్నించవచ్చు, మొహం చూసి మెక్సికోవాడిలా ఉన్నాడని పక్కకి పంపినా తప్పులేదు అన్నారు. ఇద్దరు జడ్జీలు ఒప్పుకోలేదు. నాతో పనిచేసే ఆవిడ అంత నిబ్బరంగా కూర్చున్నది అలా మొహం చూసి పక్కకి పంపేవాళ్ల ఎదురుగానే. ఇంకో సంగతి మరీ బరువైనది. ఆ చెక్‌పోస్టు తప్పించుకోవాలని రాత్రిపూట చుట్టూ ఉన్న పొదల్లోంచి, ఇసుక నేలల్లోంచి నడిచేవాళ్లు దాహంతో పడిపోతారు. ఫాల్ఫూరియాస్ ఉన్న బ్రూక్స్ కౌంటీలో 2012లో, ఆ ఒక్క ఏడాదే, వందకు పైగా శవాలు దొరికాయి. పేరు కూడా తెలియని మనుషులు. ఆ దారిన వెళ్తూ నేను హైవే పక్క పొదల వైపు చూడకుండా ఉండలేను.

కానీ అదే దేశంలో, అదే టెక్సస్‌లో జరిగిన ఒక కేసు నాకు ఆ పసుపు కొమ్ముల సంచి చూడగానే గుర్తొచ్చింది. పడమటి టెక్సస్‌లో సియెర్రా బ్లాంకా అనే చోట బోర్డర్ పెట్రోల్ ఏజెంటు బస్సెక్కి అందరి కాగితాలూ చూశాడు. దిగిపోతూ సామాన్ల అరలో ఉన్న మెత్తటి సంచుల్ని చేత్తో నొక్కుకుంటూ వచ్చాడు. ఒక సంచిలో ఇటుకలాంటిది తగిలింది. విప్పితే నిజంగానే మత్తుమందు. ఆ సంచి ఆసామి సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు, 2000లో గెలిచాడు. ప్రయాణికుడి సంచిని అలా తడిమి నొక్కడమే సోదా కిందికి వస్తుంది, కారణం లేకుండా చేయకూడదు అని ఏడుగురు జడ్జీలు చెప్పారు. అదే ఏడాది ఇండియానాపొలిస్ పోలీసులు మత్తుమందుల కోసం రోడ్ల మీద అందరినీ ఆపి కుక్కలతో వాసన చూపించడం చెల్లదని కూడా తేల్చారు.

ఆ రాత్రి భోజనాల దగ్గర మావయ్యకి ఇది చెప్పాను. ఆయన కలుపుకున్న ముద్ద కంచంలోనే పెట్టేశాడు. "సరుకు దొరికినోణ్ణి గెలిపించారా? అదేం న్యాయంరా?" అన్నాడు. ఆపైన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మా వీధి చివరి ఇంటి కుర్రాడి సంగతి చెప్పాడు. ఇంజినీరింగ్ మూడో ఏడు మధ్యలో వదిలేశాడట. ఇంట్లో గిన్నెలు కూడా అమ్మేశాడట. వాళ్లమ్మ అత్తయ్య దగ్గరికొచ్చి కూర్చుని ఏడుస్తుందట. "ఆ తల్లికి వెళ్లి చెప్పు నీ అమెరికా తీర్పు."

ఆయన కోపం అబద్ధం కాదు. గంజాయి పైన ఆంధ్రా ఒడిశా సరిహద్దు కొండల్లో పండుతుంది. దిగడానికి ఉన్నవి కొద్దిపాటి ఘాట్ రోడ్లు. దిగితే వైజాగ్, వైజాగ్‌లో రైలెక్కితే దేశమంతా. ఆ గొంతు దగ్గర కాపు కాయొద్దని నేను చెప్పలేను. మత్తుమందుల కోసం రోడ్డు మీద అందరినీ ఆపకూడదన్న అమెరికా కోర్టు మాట ఒక్కటి మన ఘాట్‌కి సరిపోదనే నా అభిప్రాయం. మత్తుమందుల్ని అరికట్టడానికి ఈగల్ అని ప్రత్యేక పోలీసు దళం పెట్టారు, సమాచారం ఇవ్వడానికి 1972 ఫోన్ నంబరు ఇచ్చారు, మంచిదే. బీచ్ రోడ్డులో రాత్రి డ్రంక్ అండ్ డ్రైవ్ పట్టుకుంటుంటే నాకు గర్వంగానే ఉంటుంది. మన పరిమితి 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్, టెక్సస్‌లో 80. పైగా టెక్సస్‌లో అలాంటి తనిఖీలే పెట్టరు. బీచ్ రోడ్డులో బెంజి కారువాడూ ఊదాలి, ఆటో నడిపేవాడూ ఊదాలి. మెషీన్ మీద అంకె ఇద్దరికీ కనపడుతుంది. అక్కడ నాకు ఏ పేచీ లేదు.

నా పేచీ అంతా కారుకి ఒక చూపు, బస్సులో కొండ కుర్రాడికి బోర్లించిన సంచి అన్నదాని మీద. మన మత్తుమందుల చట్టం, అంటే ఎన్‌డీపీఎస్ చట్టం కింద గంజాయి 20 కిలోలు దాటితే కనీసం పదేళ్ల శిక్ష, బెయిలు దొరకడం గగనం. అంత కఠినమైన చట్టం కాబట్టే మనవాళ్లు అందులోనే పట్టు కూడా పెట్టారు. నమ్మడానికి కారణం ఉంటేనే బహిరంగ స్థలంలో సోదా చేయాలి. ఒంటి మీద సోదా అయితే, గెజిటెడ్ అధికారి ముందో మేజిస్ట్రేటు ముందో చేయమని అడిగే హక్కు 50వ సెక్షన్ ఇచ్చింది. ఆ హక్కు ఉందని ముందుగా చెప్పి తీరాలని 1999లో మన సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనమే అంది. సంచికి అది వర్తించదని 2005లో చెప్పారు, ఆ తేడా నాకూ తెలుసు. కానీ సంచికైనా కారణం ఉండాలి కదా. కారణం లేకుండా వేధించే సోదా చేస్తే ఆ అధికారికే ఆరు నెలల దాకా జైలు అని 58వ సెక్షన్ ఉంది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో 2024 జూలై 1 నుంచి వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో 105వ సెక్షన్ ప్రకారం సోదా, స్వాధీనం వీడియో తీయాలి, సెల్‌ఫోన్ అయినా చాలు. ఇవన్నీ మన పార్లమెంటు చేసినవే. మా హైవే మీద ఏజెంటు ప్రతి సోదానీ వీడియో తీసి తీరాలని చెప్పే ఇలాంటి సెక్షన్ ఏదీ అక్కడ నాకు తగల్లేదు. ఈ మాట చెప్పినప్పుడు మావయ్య మొహంలో మొదటిసారి కాస్త వెలుగు కనపడింది.

కానీ ఆయన అడిగిన తర్వాతి ప్రశ్నే నన్ను నిద్రపోనివ్వలేదు. "సరే, ఈ సెక్షన్లు ఆ కుర్రాడికి ఎవరు చెప్పారు? చెప్పాల్సినోడు సంచి బోర్లిస్తున్నాడు. బస్సు డ్రైవర్ హారన్ కొడతన్నాడు. పరీక్షకి టైమైపోతోంది. నువ్వయితే కారు దిగి అడిగావు, నీ ప్యాంటూ చొక్కా చూసి సార్ అన్నాడు. ఆడు అడిగితే ఏటయ్యేది?"

ఏమయ్యేదో మా ఇద్దరికీ తెలుసు. టెక్సస్‌లో ఆవిడకి నిబ్బరం ఆకాశం నుంచి ఊడిపడలేదు. చిన్నప్పటి నుంచి అక్కడి లాయర్లు, చర్చివాళ్లు, బడి టీచర్లు చెబుతూ వచ్చారు, మా క్లినిక్ గోడ మీద కూడా ఏజెంట్లు ఏం అడగొచ్చో ఏం అడక్కూడదో ఇంగ్లీషులో, స్పానిష్‌లో కాగితం అంటించి ఉంది. నేను అక్కడ మెచ్చుకునేది ఒక్క ఆ కాగితాన్నే.

మన టోల్ ప్లాజా దగ్గర ఎవరెవరికి రుసుము లేదో ఎంత పెద్ద బోర్డు రాసి పెడతారు. అలాంటిది చెక్‌పోస్టు దగ్గర ఎందుకు లేదు? జిల్లా ఎస్పీ గారికి అర్జీ రాశాను. మావయ్య పోర్టు ఆఫీసులో ఏళ్ల తరబడి అర్జీలు చూసిన మనిషి. కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివి, సగం కొట్టేశాడు. అమెరికా అన్న పేరా పూర్తిగా తీసేయించాడు. మన సెక్షన్లు ఉండగా అదెందుకన్నాడు. వీడియో తీసేటప్పుడు ఆ ప్రయాణికుడికి కూడా కనపడేలా తీయాలన్న మాట ఆయనే కలిపాడు. ఇప్పుడు అందులో ఉన్నవి ఇవి. ఆపిన ప్రతి మనిషికీ కారణం చెప్పాలి. బస్సుని ఆపితే కార్లకీ అదే పద్ధతి పాటించాలి. సంచి విప్పితే బల్ల మీద విప్పి, మళ్లీ సర్ది ఇవ్వాలి. ఎండలో నిలబడే సిబ్బందికి నీడా, మంచినీళ్లూ, ఆ బల్లా ప్రభుత్వమే ఇవ్వాలి. 50వ సెక్షన్ హక్కు, ఫిర్యాదు చేయాల్సిన ఫోన్ నంబరు తెలుగులోనూ, ఒడియాలోనూ, కొండ భాషలు తెలిసినవాళ్ల చేత రాయించి, బస్సులో కూర్చున్నవాళ్లకి కిటికీలోంచి కనపడే ఎత్తులో బోర్డు పెట్టాలి.