మక్కచేను, గ్యాస్ స్టేషన్, మా టౌన్‌షిప్ ఓటు: నా అనుభవం

మేముండేది ఒహాయోలో, కొలంబస్‌కు ఉత్తరాన ఉన్న డెలావేర్ కౌంటీలో. ఇక్కడ ఏ సిటీలోనూ కలవని ప్రాంతాన్ని టౌన్‌షిప్ అంటారు. ఎన్నికైన ముగ్గురు ట్రస్టీలు దాన్ని నడుపుతారు. మా సబ్‌డివిజన్‌కి, అంటే మా ఇళ్ల కాలనీకి, ఎదురుగా రోడ్డు అవతల ఒక పొలం ఉంది. ఒక ఏడు మక్క, ఇంకో ఏడు సోయా వేస్తారు. ఏ భూమిని దేనికి వాడొచ్చో చెప్పే జోనింగ్ మ్యాపులో అది ఫార్మ్ రెసిడెన్షియల్, అంటే పొలాలకూ ఇళ్లకూ. 2021లో దాన్ని కమర్షియల్‌గా మార్చాలని దరఖాస్తు పడింది. గ్యాస్ స్టేషన్ (పెట్రోల్ బంకు), కారు దిగకుండానే కొనుక్కునే డ్రైవ్-త్రూ, వెనకాల స్టోరేజ్ యూనిట్లు.

ఆ సంగతి మాకు ఒక ఉత్తరంతో తెలిసింది. మార్చేది పది పార్సిళ్లు (భూమి ముక్కలు), అంతకు తక్కువైతే ఆ భూమిని ఆనుకున్నవాళ్లకూ, రోడ్డుకి నేరుగా ఎదురుగా ఉన్నవాళ్లకూ మాత్రమే హియరింగ్ నోటీసు పంపాలని చట్టం. అందుకే మాకు వచ్చింది, మా వెనక వీధికి రాలేదు. పేపర్లో ప్రకటన కూడా వేస్తారు గానీ, అది చూసి వచ్చామన్నవాళ్లు నాకెవరూ కనపడలేదు.

దరఖాస్తు ముందు కౌంటీ రీజినల్ ప్లానింగ్ కమిషన్‌కి వెళ్తుంది. వాళ్లు సిఫార్సు మాత్రమే చేస్తారు. తర్వాత టౌన్‌షిప్ జోనింగ్ కమిషన్ హియరింగ్, ఆపైన ట్రస్టీల హియరింగ్. పేరు, అడ్రస్ చెప్పి మూడు నిమిషాలు మాట్లాడాలి. అందరూ ట్రాఫిక్, స్కూల్ బస్సులు, రాత్రిపూట లైట్లు అంటూ మాట్లాడారు. చివర్లో ఆ పొలం పెద్దాయన లేచాడు. పిల్లలెవరూ సాగు చేయడం లేదని, తనకు మోకాళ్లు పనిచేయడం లేదని చెప్పి, మా వైపు తిరిగి, "మీ ఇళ్లన్నీ కూడా ఒకప్పుడు పొలాలే" అన్నాడు. హాల్లో ఎవరూ కిక్కురుమనలేదు. ఆ మాటకు నా దగ్గర ఇప్పటికీ సరైన జవాబు లేదు. అయినా ఆయన భూమి ఆయన అమ్ముకోవడం వేరు, ఇరవై నాలుగ్గంటల గ్యాస్ స్టేషన్ పెట్టించడం వేరు అనే నా అభిప్రాయం.

జూన్‌లో ట్రస్టీలు ఆమోదించారు. నేను అయిపోయిందనుకున్నాను. మా పక్కింటి రిటైర్డ్ టీచరమ్మ మాత్రం, అసలు పని ఇప్పుడే మొదలవుతుందంది. ఒహాయో చట్టం ప్రకారం ఆ మార్పు 30 రోజుల తర్వాతే అమల్లోకి వస్తుంది. ఆ లోపు ఓటర్లు సంతకాలతో పిటిషన్ ఇస్తే జనం ఓటు వేసేదాకా ఆగుతుంది. అప్పట్లో లెక్క ఏమిటంటే, కిందటి గవర్నర్ ఎన్నికలో టౌన్‌షిప్‌లో పోలైన ఓట్లలో 8 శాతం. అంటే 5,000 ఓట్లు పడిన చోట 400 సంతకాలు. తర్వాత చట్టం మార్చి ఈ శాతాన్ని పెంచారు.

అందరం చందాలు వేసుకుని ఒక లాయర్‌ని పెట్టుకున్నాం. ఆయన భయమంతా సంతకాల గురించి కాదు, పిటిషన్ పైభాగంలో రాసే నాలుగు లైన్ల గురించి. దరఖాస్తు పేరు, అందులో ఏముందో క్లుప్తంగా, తప్పు లేకుండా రాయాలి. అక్కడ ఎకరాలు తేడా వచ్చినా, చదివినవాళ్లు పొరబడేలా ఉన్నా, ఎన్ని సంతకాలున్నా అవతలివాళ్లు సవాలు చేస్తారు. సమ్మరీ బాగాలేదని బ్యాలెట్ నుంచే తీసేసిన కేసులు ఒహాయో సుప్రీంకోర్టు దాకా వెళ్లినవి ఉన్నాయట. అందుకని మా సొంత కవిత్వం ఏమీ లేకుండా, ట్రస్టీల తీర్మానంలోని మాటలే ఎక్కువగా దింపాం.

ఇక సంతకాలు. మా సబ్‌డివిజన్‌లో మనవాళ్లే ఎక్కువ, కాబట్టి ఆ వీధులు నాకిచ్చారు. సాయంత్రం కాలింగ్ బెల్ కొడితే ప్రతి ఇంట్లోనూ చాయ్ ఆఫర్. సంతకం మాత్రం దొరకదు! సంతకం పెట్టాలంటే రిజిస్టర్డ్ ఓటరై ఉండాలి. ఓటరు కావాలంటే సిటిజన్ కావాలి. నేను సిటిజన్ అయ్యాను గానీ, సగం ఇళ్లలో హెచ్1బీ, లేదా గ్రీన్ కార్డ్. "అన్నా, ఇంతింత ప్రాపర్టీ టాక్స్ కడుతున్నాం, ఒక్క సంతకానికి పనికిరామా?" అంది ఒకావిడ. హియరింగ్‌లో మాట్లాడటానికి సిటిజన్‌షిప్ అడగరు, అక్కడికి రండమ్మా అని చెప్పే టైం కూడా దాటిపోయింది. ఇంకో ఇంట్లో విజిటర్ వీసా మీద వచ్చిన పెద్దాయన కళ్లజోడు సవరించుకుని, "నేను పెట్టనా నాయనా? నాది గెజిటెడ్ సంతకం" అన్నారు. నిజంగానే మండల విద్యాధికారిగా రిటైరయ్యారట. నమస్కారం పెట్టి బయటపడ్డాను.

సిటిజన్లు దొరికిన చోట వేరే తిప్పలు. "ఆవిడ వంటింట్లో ఉంది, ఆవిడది కూడా నేనే పెట్టేస్తా" అంటారు. కుదరదు, ఎవరిది వాళ్లే పెట్టాలి, అదీ నా కళ్లముందు. ఓటరుగా రిజిస్టర్ అయినప్పుడు ఒక సంతకం, ఇప్పుడు ఇంకో సంతకం పెడితే ఎన్నికల బోర్డు కొట్టేస్తుంది. ఇల్లు మారి ఓటు మార్చుకోనివాళ్లదీ అంతే. ప్రతి కాగితం చివర, ఇందులో ఇన్ని సంతకాలు నేను చూస్తుండగా పెట్టారని నేను రాసి సంతకం చేయాలి. అబద్ధమైతే ఫెలోనీ, అంటే తీవ్రమైన నేరం అని దాని కిందే పెద్దక్షరాల్లో ఉంటుంది. ఆ అంకె వేసేముందు ప్రతిసారీ టెన్షనే. వేలు పెట్టి లెక్కపెట్టేవాణ్ణి, మా ఆవిడ చేత ఇంకోసారి లెక్కపెట్టించేవాణ్ణి.

ఆ రోజుల్లో కామారెడ్డి దగ్గర ఊళ్లో ఉండే మా మేనమామకు ఫోన్లో ఇదంతా చెబితే నమ్మలేదు. "వేరేవాళ్ల భూమి మీద మీరు ఓటేస్తరా?" అని నవ్వాడు. అక్కడ నాలా కన్వర్షన్‌కి, అంటే సాగు భూమిని వేరే వాడకానికి మార్చడానికి, ఫీజు కట్టి దరఖాస్తు పెట్టుకోవాలి గానీ, పక్కవాళ్ల ఓటుతో పనిలేదు. తర్వాత కామారెడ్డి మాస్టర్ ప్లాన్ ముసాయిదాలో తమ పొలాలు పోతున్నాయని రైతులు రోడ్డెక్కారు. 2023 జనవరిలో మునిసిపల్ కౌన్సిల్ దాన్ని రద్దు చేస్తూ తీర్మానించింది. అప్పుడు మామే ఫోన్ చేసి, మీ ఓటు కాగితం ఎలా ఉంటుందో ఫొటో పంపమన్నాడు.

గడువులోపే పిటిషన్ ఇచ్చాం. కొన్ని సంతకాలు పోయినా సరిపడా నిలిచాయి. ఇచ్చిన నాటి నుంచి కనీసం 90 రోజుల తర్వాత వచ్చే ఎన్నికలో పెడతారు కాబట్టి, మా ప్రశ్న నవంబర్ 2 బ్యాలెట్‌లో పడింది.

అక్కడ ఇంకో చిక్కు. ట్రస్టీల మార్పును ఆమోదిస్తారా అని ప్రశ్న. అంటే గ్యాస్ స్టేషన్ వద్దనేవాళ్లు 'నో' నొక్కాలి. మా పిటిషన్ మీద సంతకం పెట్టినవాళ్లే, మీరు తెచ్చిన ప్రశ్న కదా, 'యెస్' అనాలి కదా అని అడిగేవాళ్లు. సెప్టెంబర్, అక్టోబర్ మొత్తం నేను చేసిన ప్రచారం అంతా ఈ ఒక్క ముక్క చెప్పడమే. పాఠశాలల గురించో, రోడ్డు గురించో ఒక్క వాక్యం కూడా అక్కర్లేకపోయింది.

'నో' గెలిచింది. అంతమాత్రాన ఆ భూమి ఎప్పటికీ పొలంగా ఉండిపోతుందని కాదు. ఓనరు పక్క సిటీలో కలపమని అనెక్సేషన్‌కి వెళ్తే మా టౌన్‌షిప్ జోనింగ్ చేతుల్లోంచే జారిపోతుంది. ఆ మాట లాయర్ గెలిచిన రాత్రే చెప్పాడు. ఆ పొలం పెద్దాయన అలా వెళ్లలేదు. కొన్నాళ్లకు కొత్త దరఖాస్తు వచ్చింది. గ్యాస్ స్టేషన్ లేదు. చిన్న క్లినిక్, డేకేర్, రోడ్డు వైపు చెట్ల వరస. ఈసారి నోటీసు అందిన రోజే దాన్ని ఫొటో తీసి వెనక వీధి వాట్సాప్ గ్రూపులో పెట్టాను. గ్రీన్ కార్డ్ వాళ్లు చాలామంది హియరింగ్‌కి వచ్చి వాళ్ల మూడు నిమిషాలూ వాడుకున్నారు. డేకేర్ గేటు ఏ వైపు ఉండాలన్న దాని మీదే గంటసేపు వాదన నడిచింది. ట్రస్టీలు ఆమోదించాక పిటిషన్ మాట ఎవరూ ఎత్తలేదు.