గాలి ఆగాలి, కిటికీ కదలాలి

నా పనిసంచిలో ఉలి, సుత్తి, చిత్రికలతో పాటు ఒక అగరుబత్తి ప్యాకెట్ ఎప్పుడూ ఉంటుంది. ఎడిన్‌బరాలో ఏ ఇంటికి పనికెళ్ళినా ముందు గది తలుపులు మూసి, ఒక బత్తి వెలిగించి, కిటికీ చుట్టూ మెల్లగా తిప్పుతాను. పొగ నిట్టనిలువుగా లేస్తే అక్కడ సందు లేనట్టే. పక్కకి వాలితే అక్కడ పెన్సిల్‌తో గీత పెడతాను. ఇంటివాళ్ళు మొదట వింతగా చూస్తారు. పొగ ఒక్కసారిగా చెదిరిపోయిన చోట మాత్రం, ఇన్నేళ్ళూ తమని చలికి వణికించింది కళ్ళకి కనబడినట్టయి, దగ్గరికొచ్చి నిలబడతారు.

నేను చేసేది పాత సాష్ కిటికీల మరమ్మతు. స్కాట్లాండ్‌లో వీటిని సాష్ అండ్ కేస్ అంటారు. మన దగ్గర కిటికీ రెక్క మడతబందుల మీద తెరుచుకుంటుంది, పైన సన్‌షేడ్ ఉంటుంది, వాన నేరుగా తగలదు. ఇక్కడ రెండు రెక్కలూ ఒకదాని వెనక ఒకటి ఉండి, పైకీ కిందకీ జారతాయి. చట్రానికి రెండు పక్కలా డొల్ల పెట్టెల్లాంటివి ఉంటాయి. వాటిలో పోత ఇనుప దిమ్మెలు తాళ్ళకి వేలాడుతుంటాయి. తాడు పైనున్న గిలక మీదుగా తిరిగి రెక్క అంచుకి బిగిసి ఉంటుంది. రెక్కా, దిమ్మెలూ బరువులో దాదాపు సరితూగుతాయి కాబట్టి 20 కిలోల రెక్కనైనా ఒక చేత్తో ఎత్తొచ్చు. కరెంటు లేదు, స్ప్రింగు లేదు. నూటయాభై ఏళ్ళ కిందట బిగించినవి ఇప్పటికీ పనిచేస్తున్నాయి.

మేము 2021 అక్టోబర్‌లో వచ్చాం. మా ఆవిడ ఆస్పత్రిలో నర్సు. ఆమె వీసా మీద నేనూ, నాలుగేళ్ళ పాపా వచ్చాం. అద్దెకి దొరికింది విక్టోరియా కాలపు రాతి టెనెమెంట్‌లో, అంటే అంతస్తుల వారీగా ఫ్లాట్లుండే పాత భవనంలో, రెండో అంతస్తు ఫ్లాట్. ఎత్తైన కప్పు, నిలువెత్తు కిటికీలు చూసి మురిసిపోయాం. నవంబర్ 26 రాత్రి ఆర్వెన్ తుఫాను వచ్చింది. ఇక్కడ మామూలుగా గాలి పడమటి నుంచి వీస్తుంది. ఆ రాత్రి ఉత్తరం నుంచి, ఈశాన్యం నుంచి కొట్టింది. మా పడకగది కిటికీ సరిగ్గా అటువైపే. రెక్కలు రాత్రంతా టకటకా కొట్టుకున్నాయి. కర్టెన్ గదిలోకి ఉబ్బుతూనే ఉంది. తెల్లారేసరికి కిటికీ లోపలి గట్టు మీద నీళ్ళు నిలిచాయి. పాపని మధ్యలో పడుకోబెట్టుకుని, స్వెట్టర్లు వేసుకునే పడుకున్నాం.

మర్నాడు నేను షాపుకెళ్ళి వెడల్పాటి టేపు, సిలికాన్ ట్యూబులు తెచ్చి, చేతికందిన ప్రతి సందూ మూసేశాను. గాలి ఆగింది. నెల తిరక్కుండా అద్దాల నిండా చెమ్మ, మూలల్లో నల్లటి బూజు, పాపకి దగ్గు. వంట ఆవిరి, స్నానాల ఆవిరి, ముగ్గురి ఊపిరి బయటికి పోయే దారి లేక చల్లటి అద్దం మీదే నీరయ్యేవి. ఆ నీరు కారి రెక్క అడుగు చెక్కలోకి ఇంకేది. ఓనర్‌కి మెయిళ్ళు పెడితే జవాబు లేదు. మా ఆవిడ నైట్ డ్యూటీ నుంచి వచ్చి, పడుకునే ముందు పాత తువ్వాలుతో అద్దాలు తుడిచేది. ఆ పని చూస్తుంటే నాకు కడుపులో దేవినట్టుండేది.

వసంతంలో ఎదురింటి దగ్గర ఒక పెద్దాయన రెక్కని చట్రంలోంచి తీసి, పసిబిడ్డని పట్టుకున్నట్టు రెండు చేతుల మీద పట్టుకుని వ్యాన్ దగ్గరికి నడవడం చూశాను. కిందకి దిగి వెళ్ళి పని అడిగాను. మా నాన్న వడ్రంగి. పదేళ్ళ వయసు నుంచి చిత్రిక నా చేతిలో ఉంది. ఆ తర్వాత సివిల్ డిప్లొమా చేసి సైట్ సూపర్‌వైజర్‌నయ్యాను, అది వేరే సంగతి. ఆయన నా చేతికి ఒక బద్ద ఇచ్చి చిత్రిక పట్టమన్నాడు. పొట్టు తెగకుండా చుట్టుకుంటూ లేవడం చూసి, సోమవారం రమ్మన్నాడు. అప్పటి నుంచీ ఆయనే నా మేస్త్రి.

డిప్లొమా చదివి అక్కడికెళ్ళి వడ్రంగమా అని బంధువులు అన్నారు. నాన్న మాత్రం వీడియో కాల్‌లో అడిగిన మొదటి మాట, "ఏం చెక్కరా అది?" పైన్ అని చెప్పి, కోసిన ముక్కని కెమెరాకి దగ్గరగా పెట్టాను. చలి దేశపు అడవుల్లో నెమ్మదిగా పెరిగిన పాత చెట్టు కాబట్టి వలయాలు దారాలు పేర్చినంత దగ్గరగా ఉంటాయి. ఆయన చాలాసేపు చూశాడు. "ఇలాంటిది ఇప్పుడు దొరకదు, ఒక్క ముక్క కూడా పారెయ్యకు" అన్నాడు. మా మేస్త్రి కూడా అదే అంటాడు. వాళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు.

గాలి ఆపడమంటే సందుల్లో ఏదో ఒకటి కుక్కడమనే నేను అనుకునేవాణ్ణి. మేస్త్రి నాకు మొదట చూపించింది పైరెక్కని. చాలా ఇళ్ళలో దాన్ని ఎవరూ కదపరు. తాడు సాగి, లేదా తెగి, అది కొన్ని మిల్లీమీటర్లు కిందకి దిగి ఉంటుంది. అదే స్థితిలో రంగు మీద రంగు వేసి అతికించేస్తారు. పైన చట్రానికీ రెక్కకీ మధ్య పొడవునా సందు. మధ్యలో రెండు రెక్కలూ కలిసే చోట గొళ్ళెం పడదు. ఆ గొళ్ళెం దొంగల కోసమే కాదు. దాన్ని తిప్పితే రెండు రెక్కలనీ దగ్గరికి లాగి బిగిస్తుంది. రాత్రుళ్ళు రెక్కలు టకటకలాడుతున్నాయంటే ముందు చూడాల్సింది దాన్నే. మా ఫ్లాట్‌లో ఆర్వెన్ రాత్రి జరిగింది అచ్చంగా ఇదే అని ఆరు నెలల తర్వాత తెలిసింది.

తాడు మార్చడం చిన్న పనిలా కనిపిస్తుంది. నేను మొదటిసారి మార్చినప్పుడు కొంచెం పొట్టిగా కోశాను. కింది రెక్క గడప మీద, అంటే చట్రం అడుగు చెక్క మీద, కూర్చోకముందే లోపలి దిమ్మె పైకెళ్ళి గిలకకి తగిలింది. వేలెడు సందు మిగిలింది. పొడవెక్కువైతే రెక్క పూర్తిగా లేవకముందే దిమ్మె పెట్టె అడుగున కూర్చుండిపోతుంది. మేస్త్రి ఏమీ అనకుండా తాడంతా విప్పించి మళ్ళీ వేయించాడు. బరువుల లెక్క కూడా అప్పుడే చెప్పాడు. పైరెక్కకి దిమ్మెలు రెక్క కన్నా కాస్త ఎక్కువ బరువుండాలి, పైకి ఒత్తుకుని ఉంటుంది. కింది రెక్కకి కాస్త తక్కువుండాలి, గడప మీద ఒత్తుకుని కూర్చుంటుంది. ఎవరైనా సన్నపాటి డబుల్ గ్లేజింగ్, అంటే రెండు పొరల అద్దం, వేయించుకుంటే అద్దం బరువు పెరుగుతుంది, పాత దిమ్మెలు చాలవు. పెట్టెలో చోటు అంతే కాబట్టి ఇనుముకి బదులు సీసం దిమ్మెలు వేస్తాం.

ఇవన్నీ అయ్యాకే బ్రష్ స్ట్రిప్పులు. రెండు రెక్కల మధ్య ఉండే సన్నటి బద్దని పార్టింగ్ బీడ్ అంటారు, లోపలివైపు రెక్కని ఆపే బద్దని ఇక్కడ బేటన్ రాడ్ అంటారు. రెండిటిలోనూ సన్నటి గాడి తీసి, కుచ్చులా ఉండే స్ట్రిప్ దూర్చుతాం. రెక్కలు కలిసే చోట ఒకటి, గడప మీద ఆనే చోట మెత్తటి రబ్బరు. కుచ్చు రెక్కని తాకుతూ ఉండాలి, పట్టుకోకూడదు. మందం ఎక్కువైతే కిటికీ బిగుసుకుంటుంది. ఇంటావిడ రెండుసార్లు గుంజి వదిలేస్తుంది, ఇక ఆ కిటికీ ఎప్పటికీ తెరుచుకోదు. గ్లాస్గో కాలెడోనియన్ యూనివర్సిటీ పరీక్షల్లో ఇలా సందులు మూసిన పాత సాష్ కిటికీలో గాలి చొరబాటు 86 శాతం తగ్గింది. నా అగరుబత్తి అంకెలు చెప్పదు గానీ, పొగ నిలబడటం మాత్రం చూపిస్తుంది.

వాన వేరే విద్య. గాలిని అడ్డుకుంటే సరిపోతుంది, నీటికి మాత్రం దారి చూపించాలి. ఇక్కడి వాన నిలువుగా పడదు, గాలి దాన్ని అడ్డంగా గోడకేసి కొడుతుంది. కిటికీ గడప బయటికి వాలుగా ఉండేది అందుకే. గడప అడుగున పొడవునా ఒక గాడి ఉంటుంది. నీటిబొట్టు చెక్క అడుగుని పట్టుకుని గోడ వైపు పాకుతూ వచ్చి, ఆ గాడి దగ్గర దాటలేక రాలిపోతుంది. నేను చూసిన గడపల్లో సగానికి సగం వాటిలో ఆ గాడి రంగుతో పూడిపోయి ఉంది. నలభై ఏళ్ళుగా వేసిన రంగులు గీకి గాడి తెరిస్తే, లోపలి గోడ తడి తగ్గిన ఇళ్ళున్నాయి.

అద్దం చుట్టూ ఉండే లప్పం అవిసె నూనెతో చేసింది. కొత్తగా పెట్టాక పైన పొర కట్టేదాకా, దాదాపు రెండు వారాలు, రంగు వేయకూడదు. వేసేటప్పుడు రంగు లప్పం దాటి 2 మిల్లీమీటర్లు అద్దం మీదకి రావాలి. ఆ గీతే వాననీటికి తాళం. అందంగా ఉండాలని కొందరు దాన్ని బ్లేడుతో గీకి నీటుగా చేస్తారు, నాకు ప్రాణం చివుక్కుమంటుంది. చట్రానికీ రాతి గోడకీ మధ్య సందుని పాతకాలంలో ఇసుక, కాచిన అవిసె నూనె కలిపిన మాస్టిక్‌తో మూసేవాళ్ళు. అది కాస్త సాగుతుంది, చెక్కతో పాటు కదులుతుంది. అక్కడ సిమెంటు పెడితే పగులుతుంది, ఆ పగులులోంచి దిగిన నీరు బయటికి రాలేదు. నేను మా ఫ్లాట్‌లో కింది రెక్క అడుగున సిలికాన్ పెట్టి చేసిందీ అదే. లోపలికి చేరిన నీటికి ఉన్న ఒక్క దారినీ నా చేతులతోనే మూశాను.

కుళ్ళు మొదలయ్యేది ఎప్పుడూ రెక్క అడుగు పట్టీ చివర్లలో, గడప మూలల్లో. ఉలి మొనతో పొడిస్తే తెలుస్తుంది. గట్టి చెక్క తగిలేదాకా కోసి, కొత్త ముక్కని ఏటవాలు కోతతో అతుకుతాం. అతుకు గీత నీరు బయటికి జారే వైపు వాలాలి. కిటికీ మొత్తం పారేసేంత కుళ్ళు నేను చాలా అరుదుగా చూశాను. అయినా పారేస్తుంటారు, అదే నా బాధ. ఎడిన్‌బరా న్యూ టౌన్ కట్టడం మొదలైంది 1767లో. ఓల్డ్ టౌన్‌తో కలిపి 1995లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది. అక్కడి లిస్టెడ్ భవనాల్లో, అంటే చట్టం కాపాడే పాత కట్టడాల్లో, ఇష్టమొచ్చినట్టు కిటికీలు మార్చడానికి వీల్లేదు కాబట్టి అవి మిగిలాయి. అలాంటి రక్షణ లేని వీధుల్లో చెత్త స్కిప్పుల్లో అలలు తేలే పాత అద్దాలు పగిలి కనిపిస్తాయి.

ఒక జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్పాలి. పాత రంగు పొరల్లో సీసం ఉంటుంది. పొడిగా గీకకూడదు, తడిపి గీకాలి, మంచి మాస్కు ఉండాలి. నేను ఇంటికి రాగానే బట్టలు మార్చి, స్నానం చేసే దాకా పాపని దగ్గరికి రానివ్వను. మొదట్లో అలిగేది. ఇప్పుడు బాత్రూమ్ తలుపు బయటే నిలబడి స్కూలు కబుర్లన్నీ చెప్పేస్తుంది.

అద్దె ఇళ్ళలో ఉండే మనవాళ్ళు చలికాలం రాగానే ఫోన్ చేస్తారు, "అన్నా, కిటికీకి ఏం చెయ్యమంటావ్?" అని. ఓనర్ అనుమతి లేకపోయినా చేయగలిగేవి ఉన్నాయి. పైరెక్కని పూర్తిగా పైకి నెట్టి గొళ్ళెం పెట్టండి. అంటించే రబ్బరు స్ట్రిప్ రెక్క ఆనే చోటే వాడండి, జారే పక్కల్లో వద్దు. టేపు, సిలికాన్ వద్దే వద్దు. గ్యాస్ హీటరున్న గదిలో గాలి దారులు మూయకండి, అది ప్రాణాల మీదకొస్తుంది. కిటికీ పక్కన గోడలో మడత తలుపుల్లాంటి చెక్క పలకలు కనిపిస్తే అవి షట్టర్లు. చాలాసార్లు రంగు అతుక్కుని అక్కడ అవి ఉన్నాయనే సంగతే ఎవరికీ తెలియదు. అదే యూనివర్సిటీ చేసిన కొలతల్లో రాత్రి షట్టర్లు మూస్తే అద్దం గుండా పోయే వేడి 51 శాతం తగ్గింది, మందపాటి కర్టెన్లతో 14 శాతమే. లోపలివైపు రెండో అద్దం బిగిస్తే 63. ఓనర్‌తో మాట్లాడేటప్పుడు ఈ అంకెలు చెప్పండి.

2023లో మేము ఇల్లు మారాం. కిటికీలు నేనే బాగుచేస్తాను, సామాను ఖర్చు మీరు పెట్టుకోండి అంటే ఈ ఓనర్ ఒప్పుకున్నారు. ఆదివారాలు నాలుగు పట్టింది. చివరి కిటికీ పడకగదిది. తాళ్ళు మార్చి, గాళ్ళు తీసి, బ్రష్షులు బిగించి గొళ్ళెం తిప్పాను. వీధిలో పోతున్న బస్సు చప్పుడు సగానికి తగ్గింది. మా ఆవిడకి పగటి నిద్రే కాబట్టి, వెచ్చదనం కన్నా అదే ఆమెకి ఎక్కువ నచ్చింది.

మొదటి ఇంట్లో మంచాన్ని కిటికీకి ఎంత దూరం జరపగలమో అంత దూరం జరిపాం. ఇక్కడ దాని పక్కనే వేసుకున్నాం. మొన్న జనవరిలో పని నుంచి వచ్చేసరికి ఆమె నిద్రపోతోంది. గది వెచ్చగా ఉంది. పైరెక్క అంగుళం మేర కిందకి దించి ఉంది. లేచాక అడిగితే, "కాస్త గాలి ఆడాలి కదా" అని, కూర్చున్న చోటి నుంచే చెయ్యి చాపి, రెండు వేళ్ళతో రెక్కని పైకి తోసి మూసింది.