కలహారి ఎడారిలో హూడియా మొక్కను చూసిన యాత్ర

దక్షిణాఫ్రికాలోని ఉపింగ్‌టన్ పట్టణం ఆరెంజ్ నది ఒడ్డున, ద్రాక్షతోటల నడుమ ఉంటుంది. అక్కడి నుండి ఉత్తరంగా బయలుదేరిన కొద్దిసేపటికే ఆ పచ్చదనమంతా వెనుకబడి, కలహారి ఎర్ర ఇసుక దిబ్బలు మొదలవుతాయి. హూడియా పూచే కాలమని సెప్టెంబరులో వెళ్ళాము. ఆస్కమ్ దాటి ఆండ్రీస్‌వేల్ చేరుకున్నాక, కలహారి ఆదివాసులైన సాన్ ప్రజల్లో ఒక వర్గం, ఖోమానీ సాన్ సమాజానికి చెందిన ఒక పెద్దాయన మాకు దారి చూపడానికి వచ్చారు. తరతరాలుగా వేటాడి బతికిన నేల నుండి వెళ్ళగొట్టబడిన ఆయన ప్రజలకు 1999లో ప్రభుత్వం సుమారు 40,000 హెక్టార్ల భూమిని తిరిగి అప్పగించింది.

తన ఇంటి పక్కన నాటుకున్న హూడియాను ఆయన మాకు చూపించారు. ఆకులు లేకుండా, ముళ్ళు మొలిచిన దోసకాయలను గుత్తిగా నిలబెట్టినట్టు మోకాలెత్తున ఉంది. చూపుకు బ్రహ్మజెముడు జాతిదనిపించినా, నిజానికి ఇది మన జిల్లేడు కుటుంబానికి చెందినది. మాంసపు రంగులో, పళ్ళెంలా విచ్చుకున్న పూల దగ్గరికి వంగితే కుళ్ళిన మాంసపు వాసన ముక్కుకు తగిలింది. ఆ వాసనకు వచ్చే ఈగలే దీనికి పరాగ సంపర్కం చేస్తాయి. ఆయన ఒక కొమ్మను కోసి, ముళ్ళు గీకేసి, ముక్కలు చేసి మా చేతుల్లో పెట్టారు. నీరు నిండిన ఆ గుజ్జు మొదట చప్పగా అనిపించి, తరువాత నాలుకపై చాలాసేపు చేదుగా నిలిచింది. జంతువు జాడ పట్టి ఎండలో దూరాలు నడిచే వేటగాళ్ళు ఆకలిదప్పులను ఓర్చుకోవడానికి దీనిని నమిలేవారట. తిండి దొరకని చోట నిలదొక్కుకోవడానికి వారు కనిపెట్టుకున్న ఉపాయమిది.

తిండి ఎక్కువైన దేశాలకు ఇదే మొక్క సన్నబడే మందుగా చేరిన తీరు నన్ను చాలా బాధపెట్టింది. దక్షిణాఫ్రికా ప్రభుత్వ పరిశోధన మండలి 1960లలో దీనిపై పని మొదలుపెట్టి, ఆకలిని అణచే పదార్థానికి 1990లలో పేటెంటు తీసుకుని, 'పీ57' అనే పేరుతో ఫైటోఫార్మ్ అనే బ్రిటిష్ కంపెనీకి హక్కులిచ్చింది. ఇంత జరుగుతున్నా సాన్ ప్రజలను ఎవరూ అడగలేదు. వారు అంతరించిపోయారని ఆ కంపెనీ భావించినట్టు 2001లో ఒక బ్రిటిష్ పత్రిక రాసింది. అప్పుడు సాన్ ప్రతినిధులు న్యాయవాదుల సాయంతో పట్టుబట్టగా, మండలికి వచ్చే రాయల్టీలో 6 శాతం, పరిశోధన ఒక్కో దశ దాటినప్పుడు అందే చెల్లింపుల్లో 8 శాతం వారికి ఇచ్చేలా 2003 మార్చిలో ఒప్పందం కుదిరింది. ఫైటోఫార్మ్ నుండి హక్కులు తీసుకుని దీనిని అమ్మకానికి తేవాలనుకున్న పెద్ద కంపెనీల్లో ఆ ఏడాదే ఫైజర్, 2008లో యూనిలీవర్ తప్పుకోవడంతో ఆశించిన డబ్బు రాలేదు. 2011లో వెలువడిన ఒక ప్రయోగ ఫలితంలో కూడా హూడియా సారం తిన్నవారి ఆహారం తగ్గలేదు సరికదా, వికారం, రక్తపోటు పెరగడం వంటి ఇబ్బందులు కనిపించాయి. అయినా ఆ ఒప్పందం వృథా అయిందని నేను అనుకోను: సంప్రదాయ జ్ఞానానికి సొంతదారులు ఉంటారని, వారిని ముందుగా అడగాలని అది లిఖితపూర్వకంగా ఒప్పించింది. సాన్ ప్రజలు తమ దగ్గరకు వచ్చే పరిశోధకుల కోసం 2017లో సొంత నియమావళిని కూడా ప్రకటించారు.

ఇదంతా వింటున్నప్పుడు రాయలసీమ రాళ్ళగుట్టల మీద పెరిగే కుందేటి కొమ్ములు గుర్తుకు వచ్చాయి. హూడియాకు దగ్గరి చుట్టమైన ఆ మొక్క సారాన్ని కూడా నేడు బరువు తగ్గించే మాత్రలుగా అమ్ముతున్నారు. మన 2002 జీవవైవిధ్య చట్టం ఇటువంటి లాభాల్లో స్థానికులకు వాటా ఉండాలని చెబుతోంది కనుక, ఆ గుట్టల కింద ఊళ్ళవారికి ఈ సంగతి తెలియజెప్పాలని నా కోరిక.

కోతలు మితిమీరడంతో అడవి హూడియాపై అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ 2005 నుండి అమలులో ఉంది. అనుమతి లేకుండా దానిని కోయడం గాని, దేశం దాటించడం గాని నేరం. చూడదలచినవారు సాన్ మార్గదర్శకులతోనే వెళ్ళాలని, వారు కోరిన రుసుమును బేరమాడకుండా వారి చేతికే ఇవ్వాలని నా విన్నపం.